తువ్వాలు ఇచ్చినవాడు

బేస్తవారిపేట,
14-10-2025, మంగళవారం.

చిరంజీవి సౌభాగ్యవతి భాగ్యకు కోటయ్య రాయునది. ఇక్కడ నేను, బర్రె, దాని దూడ, నువ్వు లెక్కపెట్టి అప్పజెప్పిపోయిన ఏడు కోళ్ళు, అందరం బాగున్నాం. అక్కడ హైదరాబాదులో నువ్వు, మన హేమలత, అల్లుడు వెంకటేషు, ఇంకా పేరు పెట్టని చంటిది బాగున్నారని తలుస్తాను. పాప ముక్కు అచ్చం నాదే అని రాసినావు. పాపం, ఆడపిల్ల. పెద్దయితే సర్దుకుంటాదిలే.

పార్సిల్ విప్పంగానే చేతికి మెత్తగా గుడ్డ తగిలి చీర అనుకునుంటావు. చీర కాదని కోప్పడొద్దు. అది ఎందుకు పంపినానో చివర్లో రాస్తాను. అంతవరకు పక్కన పెట్టు.

నీ ఉత్తరం పోయిన గురువారం చేరింది. పోస్టుమ్యాను దాన్ని రెండుసార్లు తిప్పి చూసి, "ఏంది మామా, కోర్టు కాయితం గాదు గదా?" అన్నాడు. "మా ఇంటామె రాసింది" అంటే, "అయితే కోర్టు కాయితమే" అని ఇచ్చిపోయినాడు. నువ్వు రాసిన మొదటి మాట నిజమే. ఫోను చేస్తే నేను ఊ అంటాను, లేకపోతే ఆ అంటాను. "గోడతో మాట్లాడినట్టుంది, అందుకే కాయితం మీద అడుగుతున్నా, కాయితం మీదనే చెప్పు" అన్నావు. సరే. నోటితో రానిది నాకు చేత్తో కొంచెం వస్తాది. బడికి నాలుగో తరగతి దాకనే పోయినాను. మిగతాది బస్సుల మీది పేర్లు, పాల కేంద్రం చీటీలు చూసి నేర్చుకున్నదే. తప్పులుంటే హేమలత చేత దిద్దించొద్దు. ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో.

తిండి సంగతి అడిగినావు. పొద్దున సంగటి, రాత్రికి అన్నం. నీ గోంగూర జాడీలో అడుగు కనపడతా ఉంది. పక్కింటి సుబ్బులమ్మ రెండు రోజులకొకసారి కూరగిన్నె తెస్తాది. గిన్నె ఇచ్చినాక ఊరికే పోదు, పెరడంతా ఒక చూపు చూసిపోతాది. ఆ చూపే నీకు ఫోన్లో అందిందని నీ ఉత్తరం చదివినాక అర్థమయింది. వంటింటి మీద పగిలిన రేకు మార్చినాను. ఆ తరువాత రెండు వానలు పడినాయి, చుక్క కారలేదు. దూడ మేత పట్టింది. మోకాలికి నూనె రాస్తున్నావా అని అడిగినావు. రాయడం లేదు. అబద్ధం చెప్పకూడదని ఈ ఉత్తరం మొదలుపెట్టినాను కాబట్టి అది కూడా చెప్తున్నాను.

ఇంక రెండు ప్రశ్నలు మిగిలినాయి. "షెడ్డులో ఏం చేస్తన్నావు? పగలంతా సుత్తి దెబ్బలంట, ఎవరో ఇద్దరు వచ్చిపోతన్నారంట" అనేది ఒకటి. రెండోది అడిగినావు అనడానికి లేదు, వేడుకున్నావు. "మన పెండ్లికి ముందు గిద్దలూరులో కుట్టు క్లాసు కాడ ఒక్కరోజు గంటసేపు నాతో మాట్లాడినావే, అట్ల ఇంకొక్కసారి మాట్లాడయ్యా, కాయితం మీదయినా సరే" అని. ఆ మాట చదివి బర్రెకు మేత వెయ్యడం కూడా మరిచిపోయినాను. ఎందుకో నీకు చెప్పాల. ముందు షెడ్డు గురించి చెప్తాను, ఆ దారిలోనే దాని దగ్గరికి వస్తాను.

భాద్రపదంలో మన నల్లకోడి గుడ్లు కనపడకుండా పోయినాయి. వెతకతా వెతకతా షెడ్డు మూలన పట్ట ఎత్తితే, అది మీ అన్న రాజ్‌దూత్ మోటారుబండి హెడ్‌లైటు డొప్పలో గడ్డి పరుచుకుని పొదిగి ఉంది. దాని దర్జా చూస్తే బండి దాని పేరు మీదే రిజిస్టరు అయినట్టుంది. "ఆ తుక్కు ఇచ్చేస్తే అక్కడ రెండు బస్తాల జొన్నలు పడతాయి గదా" అని నువ్వు ఏటా అనేదానివి. నేను ఏటా ఊ అనేవాణ్ణి. ఇరవై ఏడేండ్లు ఆ పట్ట నేను ఎత్తలేదు భాగ్యా. ఆరోజు కోడి ఎత్తించింది. పిల్లలయ్యేదాకా ఆగి, పట్ట మొత్తం తీసి, బండిని వెలుతుర్లోకి దొబ్బుకొచ్చినాను. టైర్లు మట్టిలో కలిసిపోయినాయి. ఇంజను చెయ్యి పెట్టి తిప్పితే మాత్రం తిరిగింది.

దాన్ని మీ అన్న నడిపేటట్టు చెయ్యాలని అప్పుడే అనుకున్నాను. రాజ్‌దూత్‌కి గేరు, కిక్కు రెండూ ఎడమకాలి పక్కనే. మీ అన్నకు లేనిది ఆ కాలే. కాబట్టి గేరు చేతికి రావాల, కిక్కు చేతికి రావాల, ఆగినప్పుడు కాలు ఆనించే పని లేకుండా వెనక రెండు పక్కలా చిన్న చక్రాలు రావాల. గేరు రాడ్డు పని నా చేతిలో లేదు. అది చేసేవాడు ఒకడే ఉన్నాడు. అతని ముందరికి పోయే మొహం నాకు లేదు. అయినా మార్కాపురం బస్సెక్కినాను.

అబ్రహాము ఇప్పుడు పలకల ఫ్యాక్టరీల మిషన్లు బాగుచేస్తాడు. కనుబొమ్మల మీద కూడా పలక దుమ్మే. నన్ను చూసి గుర్తుపట్టలేదు.

"ఏం గావాల పెద్దాయనా?"

"రాజ్‌దూత్‌కి చేతి గేరు పెట్టాల."

"రాజ్‌దూత్ ఇంకా యాడుంది సామీ..." అని తలెత్తినాడు. పానా కింద పెట్టినాడు. "కోటిగా" అన్నాడు. తరువాత, "టీ తాగుతావా? లేకుంటే పాలు ఆగవంటావా?" అన్నాడు.

ఆ మాట ఏందో నీకు తెలియదు. మేము ఇండ్లల్లో చెప్పుకునేవాళ్ళం కాదు. మీ అన్న రంగనాయకులు, వీరాంజనేయులు, అబ్రహాము, నేను, నలుగురం కొండ కింది పల్లెల్లో పాలు పోయించుకుని, తెల్లారేసరికి ఒకరి వెనక ఒకరు గిద్దలూరు పాల కేంద్రానికి పోయేవాళ్ళం. ముందు మీ అన్న, చివర నేను. చివరివాణ్ణి తోక అనేవాళ్ళు. మధ్యదారిలో ఎవరి బండి ఆగిపోయినా వాని క్యాన్లు మిగతా ముగ్గురం పంచుకుని పోవాల, ఎందుకంటే ఎండెక్కితే పాలు విరుగుతాయి. ఆగినవాడు బండి దగ్గరే కూర్చోవాల. "పాలు ఆగవు, మనిషి ఆగుతాడు" అని మీ అన్నే పెట్టినాడు ఆ మాట. పాలు పోసేసినాక తోక వెనక్కి రావాల. వస్తాననేదానికి గుర్తుగా తన తలగుడ్డ ఆగినవానికి ఇచ్చి పోవాల. తువ్వాలు ఇచ్చినవాడు తిరిగి రావాల. ఒట్లు, దేవుళ్ళు ఏమీ లేవు, అంతే.

మూడో రోజుకి వీరాంజనేయులు కూడా తయారైనాడు. ఇప్పుడు గొర్రెల బేరం చేస్తాడు. మన గేటు ముందర బండి ఆపి, వెనక బుట్టలో రెండు పిల్లలు మే అంటా ఉంటే, దిగకుండానే తిట్టడం మొదలుపెట్టినాడు.

"ఏమ్రా మూగోడా, ఆమడ దూరంలో ఉండి ఇరవై ఏడేండ్లు! నేను సచ్చింటే నీకు ఎవరు చెప్పాల?"

"సచ్చేవాడివైతే నువ్వే వచ్చి చెప్పేవాడివిలే" అన్నాడు లోపల నుంచి అబ్రహాము.

వీరాంజనేయులు తన పాత రాజ్‌దూత్ సామాన్లు అటక మీద గోనెసంచిలో దాచిపెట్టినాడు. "నా పెండ్లాం నగలు యాడున్నాయో నాకు తెలీదు, ఇవి యాడున్నాయో ఆమెకు తెలీదు" అని కుమ్మరించినాడు. కార్బరేటరు ఆ సంచిలోదే, చైను చక్రం కూడా. సుబ్బులమ్మ విన్న సుత్తి దెబ్బలు అవే. ముగ్గురం నెలరోజులు చేసినాం. గేరు రాడ్డు మొదటిసారి వంకరగా వచ్చింది, వేస్తే ఒకటో గేరు, తీస్తే మళ్ళీ ఒకటో గేరే. అబ్రహాము దాన్ని కోసి మళ్ళీ చేసినాడు. క్యాన్లు తగిలించే ఇనుప స్టాండు మాత్రం తియ్యనియ్యలేదు నేను. అందులో ఇప్పుడు చంకకర్ర సరిగ్గా కూర్చుంటాది. రంగు దగ్గర పెద్ద కొట్లాట. వీరాంజనేయులుకు ఎరుపు మీద మంటల బొమ్మలు కావాలంట. "నీ గొర్రెలకు వేసుకో మంటలు" అన్నాడు అబ్రహాము. పాత నలుపే వేసినాం.

ట్యాంకు ఎడమపక్క పెద్ద సొట్ట ఉంది. అబ్రహాము దాన్ని సరిచెయ్యబోతే వద్దన్నాను. ఎందుకని వాళ్ళు అడగలేదు. కొంచెంసేపయినాక అబ్రహామే, ఆకురాయితో రాకుతున్న చక్రం మీద నుంచి తల ఎత్తకుండా, "నీ యెజ్డీ ఏమయింది కోటిగా?" అన్నాడు.

"అమ్మేసినా."

"మంచి బండి. ఒక్క కిక్కుకి లేచేది" అన్నాడు. "ఒక్కరోజు తప్ప."

నా చేతిలో పానా జారి కాలి మీద పడింది. బొటనవేలు ఇప్పుడు బాగుంది.

ఈ నెల ఐదో తేదీ ఆదివారం, పొద్దున్నే బయలుదేరి త్రిపురాంతకం పోయినాం. వాళ్ళిద్దరూ వాళ్ళ బండ్ల మీద, నేను రాజ్‌దూత్ మీద. పక్క చక్రాలున్న బండి వంగదు. మలుపులో ఒళ్ళు వంచితే అది నిటారుగానే ఉంటాది, చేతులతో తిప్పాల. ఊరు దాటకముందే ఒకసారి కంపచెట్లలోకి పోబోయినాను. వీరాంజనేయులు నవ్వు ఇంజను మోత మీద కూడా వినబడింది. మార్కాపురం దాటినాక అలవాటయింది. కందిచేలు పూతకొచ్చినాయి. వెనక పొగ, ముందు నా స్నేహితుని వీపు, ఆ పాత ఇంజను పటపట. ఏం చెప్పాలో తెలియదు భాగ్యా, నవ్వు వస్తా ఉండింది, ఆపుకున్నాను. ముగ్గురిలో వెనక ఎవరుండాలని ఎవరూ అనలేదు. అబ్రహాము వెనక వచ్చినాడు.

మీ అన్న బస్టాండు దగ్గర తన బంకు కొట్టులోనే ఉన్నాడు. మీ మల్లి వదిన నన్ను చూసి, "ఏమన్నా, దారి తప్పినావా? ఈరోజు మా ఇంట్లో పెండ్లిగానీ, తద్దినంగానీ లేదే?" అంది. నేను ఆ రెంటికి తప్ప రాలేదు గదా, నిజమే.

మీ అన్న కర్ర వేసుకుని బండి చుట్టూ ఒక సుట్టు తిరిగినాడు. మొహంలో ఏమీ లేదు.

"ఇదెవరిది?"

"నీది" అన్నాను.

"నాది తుక్కుకి పోయింది గదా."

"పోలేదు."

గేరు రాడ్డు మీద వేలు పెట్టి చూసినాడు. "అబ్రహాము వెల్డింగు. కోడి గెలికినట్టుంది" అన్నాడు. అబ్రహాము ఆ నెలలో మొదటిసారి గట్టిగా నవ్వినాడు. మీ అన్న చెయ్యి ట్యాంకు మీదికి, సొట్ట మీదికి పోయింది. "అంతా చేసి ఈ సొట్ట తియ్యలేకపోయినారా? ఇదొక్కటే అసహ్యంగా ఉండాది" అన్నాడు. ఆయన పడినరోజుకి గుర్తని నేను దాన్ని ఉంచినాను, అది తలుచుకుంటే నాకే సిగ్గేసింది. బండి మీద ఎక్కి, కర్ర స్టాండులో పెట్టి, చేత్తో కిక్కు లాగినాడు. మూడోసారికి లేచింది. బస్టాండులో జనం అందరూ తిరిగి చూసినారు. కొంచెంసేపు కండ్లు మూసుకుని విని, ఆపేసినాడు.

"మీరిద్దరూ పోయి టీ తాగి రాండి" అన్నాడు వాళ్ళతో. "నేను మా బావతో మాట్లాడాల."

ఇక్కడ ఆపి బర్రెకు నీళ్ళు పెట్టి వచ్చినాను. ఇప్పుడు నువ్వు అడిగిన ఆ రోజు గురించి రాస్తాను. మీ అన్నతో మాట్లాడింది దాని తరువాత రాస్తాను, ముందు వినాల్సినదానివి నువ్వు.

ఆ రోజు గురించి నువ్వు ఎప్పుడూ ఒకటే చెప్తావు. పొద్దున అంత సంతోషం, మధ్యాహ్నానికి అన్న పడిపోయినాడని కబురు, ఒకే రోజు దేవుడు రెండు చేతులతో రెండు ఇచ్చినాడని. ఆ రెండూ వేరువేరు అని నువ్వు అనుకున్నావు. రెండూ ఒకటే భాగ్యా.

ఆ తెల్లారి వాగు మీది చిన్న వంతెన, ఆ మోరీ దగ్గర మీ అన్న బండి వెనక బ్రేకు రాడ్డు తెగింది. నిండు క్యాన్లతో దిగుడులో పోలేడు. క్యాన్లు మేము పంచుకున్నాం. తోకను నేను కాబట్టి నా ఎర్రంచు తువ్వాలు మీ అన్నకు ఇచ్చి, "పాలు పోసి, రాడ్డు తీసుకుని వస్తా బావా" అన్నాను. "తొందరేం లేదు పో, మోరీ మీద గాలి బాగుంది" అన్నాడు. ఏడున్నరకు పాలు పోసేసినాం. అబ్రహాము, వీరాంజనేయులు వాళ్ళ పనుల మీద పోయినారు. నేను రాడ్డు తీసుకున్నాను. వెనక్కి తిరగాల. తిరిగే దారిలోనే మీ పిన్నమ్మ ఇల్లు, మీ కుట్టు క్లాసు. నువ్వు బయట నిలబడి ఉన్నావు, ఇంకా తలుపు తియ్యలేదు. పెద్దోళ్ళు మన మాట అనుకుంటున్నారని ఇద్దరికీ తెలుసు. అంతకు ముందు రోజూ నిన్ను చూసేవాణ్ణి, ఆగేవాణ్ణి కాదు. పక్కనే మీ అన్న ఉండేవాడు. ఆ రోజు లేడు. దారిలో మోరీ మీద కూర్చుని ఉన్నాడు, కదలడు. ఆ ధైర్యంతోనే ఆగినాను. ఇదే నేను నీకు ఇన్నేండ్లు చెప్పనిది. మరిచిపోయి కాదు. మీ అన్న అక్కడ కదలలేక కూర్చున్నాడు కాబట్టే నాకు నోరు వచ్చింది.

ఏం మాట్లాడినానో నీకు గుర్తే, హేమలతకు కూడా చెప్పినావు. చీకట్లో ముందు పోయే మూడు బండ్ల శబ్దం విని, ఏది తగ్గినా నాకు తెలుస్తాదని చెప్పినాను. వెనక నేనున్నానని వాళ్ళెవరూ తిరిగి చూడరని గొప్పగా చెప్పుకున్నాను. నువ్వు నవ్వినావు. నువ్వు నవ్వుతావుంటే కాలం తెలియలేదు. అంతకు ముందుగానీ, ఆ తరువాతగానీ, ఎవరూ నా మాటలు అట్ల వినలేదు. మీ క్లాసు తలుపు తీసినారు, నువ్వు లోపలికి పోలేదు. అప్పుడు ఎండ చూసి నాకు తెలివి వచ్చింది.

నేను పోయేసరికి మోరీ మీద ఎవరూ లేరు. దాని కింద దిగుడు మలుపులో బండి పడి ఉంది, దాని కింద మీ అన్న కాలు. గొర్రెలు కాసేవాళ్ళు ఇద్దరు బండి ఎత్తుతున్నారు. మిగతాది నీకు తెలుసు. కర్నూలులో మోకాలి కింద తీసేసినారు. ఎందుకు ఆలస్యమయిందిరా అని మీ నాయన అడిగితే, "బండి మొరాయించింది, కిక్కు అందుకోలేదు" అన్నాను. పాల లెక్కలు, దారి సంగతులు రోజూ రాసుకునే నా పుస్తకంలో కూడా ఆ పేజీలో అదే రాసినాను. ఆ పుస్తకాల్లో అన్నిట్లో నేను రాసిన అబద్ధం అదొక్కటే. ఏ తప్పూ లేని బండి మీద నింద వేసినాక ఆ యెజ్డీ ఎక్కలేకపోయినాను. అమ్మేసినాను. వాళ్ళ ముగ్గురి మొహాలు చూడలేకపోయినాను. మీ అన్న బండి తుక్కుకి పోకుండా తెచ్చి పట్ట కప్పినాను. మరుసటేడు నిన్ను చేసుకున్నాను. నువ్వు ఆ రోజు మాట ఎప్పుడు ఎత్తినా, "మా ఆయన జన్మలో ఒక్కరోజే మాట్లాడినాడు" అని నవ్వినా, నేను లేచి బయటికి పోయేది సిగ్గుతో అనుకున్నావు. సిగ్గే. నువ్వనుకున్న సిగ్గు కాదు.

ఇప్పుడు మీ అన్న దగ్గరికి వస్తాను. బంకు బల్ల మీద కూర్చుని నేను ఇదంతా చెప్పబోయినాను. "బావా, ఆ రోజు నా బండి మొరాయించలేదు" అన్నాను. అంతవరకే వచ్చింది.

"తెలుసు" అన్నాడు.

"ఎట్ల తెలుసు?"

"నీ పెండ్లాం చెప్తానే ఉంటాది గదా! నా పెండ్లిరోజు విందులో చెప్పింది, నాయన దినాల్లో చెప్పింది, హేమలత ఓణీల ఫంక్షన్లో మైకు ఇస్తే మైకులో కూడా చెప్పేది. ఎండెక్కేదాకా, క్లాసు తలుపు తీసేదాకా మాట్లాడినాడంట మూగోడు. నేను నీ తువ్వాలు నెత్తికి చుట్టుకుని మోరీ మీద మాడతా ఉంటి. లెక్క వేసుకోలేనా?"

"మరి ఎందుకు అడగలేదు నన్ను?"

"అడిగితే ఆ పిల్ల ఆ మాట చెప్పడం మానేస్తాది. దానికి ఉండేదే ఆ ఒక్క ముచ్చట. నీలాంటోణ్ణి కట్టుకున్నాక ఇంకోటి దొరుకుతాదా?"

నేను ఏడ్చినాను భాగ్యా. బస్టాండులో. మీ అన్న నా వైపు చూడకుండా, అరటిపండ్ల గెల సర్దుకుంటా మాట్లాడినాడు.

"నాకు కోపం లేదనుకోవద్దు. ఉంది. కాలు పోయినందుకు గాదు. నలుగురం ఉంటిమి గదా బావా. తోక పోయేసరికి వరస పోయింది. నువ్వు రాకపోతివి, నువ్వు రాలేదని వాళ్ళు రాకపోతిరి. ఒంటికాలోడు ఎవరి దగ్గరికి పోతాడు?" అన్నాడు. తరువాత, "ఇంకోటి విను. మనిషి ఆగుతాడని చెప్పింది ఎవరు? నేను. నేను ఆగినానా? ఎండకు పౌరుషం వచ్చింది, క్యాన్లు లేవు గదా, మెల్లగా దిగుదాంలే అని, బ్రేకు లేదని తెలిసే ఎక్కినా. అది నాది. నువ్వు రాలేదు, అది నీది. నాది కూడా నువ్వే నెత్తిన పెట్టుకుని తిరిగితే ఇంక నాకేం మిగుల్తాది? నాది నాకిచ్చెయ్."

ఇరవై ఏడేండ్లలో నేను అంత తేలికగా ఊపిరి తీసుకున్నది లేదు. అప్పుడే అడిగినాడు, "చెల్లికి చెప్పినావా?" అని.

"లేదు."

"అయితే బండి ఈడనే ఉంటాది. నేనెక్కను. దాని ముచ్చట అది చెప్పినప్పుడల్లా, తెలిసీ నవ్వింది నేనొక్కణ్ణే. ఇంక నా వల్ల గాదు. నువ్వు చెప్పు. నవ్వుతాదో, ఏడుస్తాదో, నిన్ను ఇంట్లో నుంచి తరుముతాదో దాని ఇష్టం. అది 'ఎక్కన్నా' అంటే ఎక్కుతా" అన్నాడు. మిగతా ఇద్దరూ టీ తాగి వచ్చినాక వాళ్ళ ముందర కూడా అదే చెప్పినాడు. అబ్రహాము, "యెజ్డీ ఒక్క కిక్కుకి లేచేదని నేను అప్పుడే అనుకున్నా" అన్నాడు. వీరాంజనేయులు మాత్రం, "నాకెవరూ ఏమీ చెప్పరే ఈ లోకంలో!" అని నెత్తి కొట్టుకున్నాడు. మల్లి వదిన అందరికీ అన్నం పెట్టింది. నాకు రెండోసారి వద్దన్నా వడ్డించింది.

మీ అన్న రోజూ పొద్దున బండిని తుడిచి, స్టార్టు చేసి, ఒక నిమిషం విని ఆపేస్తన్నాడంట. మీ వదిన ఫోన్లో చెప్పింది. నువ్వు మాట చెప్పినాక నలుగురం ఒకరోజు గిద్దలూరు దాకా పోవాలని అనుకున్నాం. ముందు ఎవరు పోవాలని వీరాంజనేయులు అడిగితే, మీ అన్న, "కోటయ్య ముందు పోతాడు. నేను తోక" అన్నాడు. "ఈసారి ఎవరు ఆగినా వెనక నేనుంటా."

మీ అన్న పక్కన కూర్చుని రాయించింది కాదు, ఇదంతా నా అంతట నేనే రాసినాను. ఐదో తేదీ నుంచి కాయితం ముందర కూర్చుంటే మొదలు దొరకలేదు. గురువారం నీ ఉత్తరం వచ్చి నువ్వే మొదలు ఇచ్చినావు. గంటసేపు మాట్లాడమన్నావు. ఇది గంట కంటే ఎక్కువే అయింది. ఆ రోజు ముచ్చట నీ దగ్గర నుంచి లాక్కున్నానని నాకు తెలుసు. ఒకటి మాత్రం చెప్పాల. ఆ రోజు నేను మాట్లాడింది అబద్ధం కాదు. ఆగింది తప్పు. మాట్లాడింది నిజం.

పక్కన పెట్టిన గుడ్డ ఇప్పుడు తీసి చూడు. ఎర్రంచు వెలిసిపోయింది. మీ అన్న బంకు పెట్టెలో అడుగున మడతపెట్టి ఉంచినాడు. "ఇది నీది. తీసుకుపో, దీన్ని చూసి చూసి విసుగొచ్చింది" అని నా చేతిలో పెట్టినాడు. అది నీకు పంపిస్తున్నాను.

ఇరవై ఆరో తేదీ ఆదివారం పాపకు పేరు పెట్టేది. నువ్వు ఫోను చెయ్యాల్సిన పనిలేదు, చేసినా నేను ఊ అనే అంటాను. కోపమొస్తే ఉత్తరం రాయి, రాయకపోయినా పర్వాలేదు. మీ అన్నకు చెప్పాల్సింది నాకు చెప్పకుండా నేరుగా మీ అన్నకే చెప్పు. తలుపు తీస్తావో, తియ్యవో నీ ఇష్టం. ఇరవై ఐదో తేదీ శనివారం పొద్దునకి నేను మీ గుమ్మం ముందర ఉంటాను. తువ్వాలు ఇచ్చినాను గదా. ఈసారి దారిలో యాడా ఆగను.

ఇట్లు,
నీ మాట కోసం ఎదురుచూసే
నీ పెనిమిటి,
కోటయ్య.